లైంగిక నేరాల కేసుల్లో నిందితుడి పేరు దాచాలా? తరచుగా అడిగే ప్రశ్నలు

నెల్లూరు, ఒంగోలు కోర్టుల్లో క్రిమినల్ కేసులు చూస్తుంటాను. కావలి, గూడూరు, మార్కాపురం వైపు కాలేజీల్లో న్యాయ విజ్ఞాన సదస్సులకు పిలుస్తుంటారు. పోక్సో (పిల్లల మీద లైంగిక నేరాలకు పెట్టిన చట్టం) గురించి మాట్లాడటం మొదలెట్టగానే ఈ ప్రశ్న వచ్చి తీరుతుంది: "అమ్మాయి పేరు దాస్తారు, మరి అబ్బాయి పేరో?" ఎక్కువగా వెనక బెంచీ కుర్రాళ్లు అడుగుతారు, ఒక్కోసారి లెక్చరర్లూ అడుగుతారు. కోర్టు వరండాలో మాత్రం అడిగేది నిందితుల తల్లులు. అందరికీ విడివిడిగా చెప్పే జవాబులన్నీ ఇక్కడ ఒకచోట పెడుతున్నాను. చట్టం చెప్పేది ఏదో, నా అభిప్రాయం ఏదో వేరుచేసి రాశాను.

బాధితురాలి పేరు రాయకూడదని చట్టంలో ఎక్కడుంది?

భారతీయ న్యాయ సంహిత 72వ సెక్షన్‌లో. 2024 జులై 1కి ముందు అది ఐపీసీ 228ఏ, 1983లో వచ్చింది. అత్యాచారం కేసుల్లో బాధితురాలి పేరు గానీ, ఆమె ఎవరో తెలిసిపోయే వివరం గానీ అచ్చేస్తే రెండేళ్ల దాకా జైలు, జరిమానా. మేజరైన బాధితురాలు తానే రాతపూర్వకంగా ఒప్పుకుంటే అది వేరే సంగతి. పిల్లల విషయంలో పోక్సో చట్టం 23వ సెక్షన్ ఉంది. పేరు, చిరునామా, ఫొటో, కుటుంబ వివరాలు, బడి, ఉండే ప్రాంతం, ఏదీ బయటికి రాకూడదు. ఆడపిల్లలకే కాదు, మగపిల్లలకూ ఇదే రక్షణ. బాధితురాలు చనిపోయినా ఈ నియమం పోదని 2018 డిసెంబరులో నిపుణ్ సక్సేనా కేసులో సుప్రీంకోర్టు చెప్పింది.

మరి నిందితుడి పేరు దాచమని ఎక్కడా లేదా?

మేజరైన నిందితుడి పేరు పత్రికల్లో రాకూడదని నేరుగా చెప్పే సెక్షన్ లేదు. ముక్కలు ముక్కలుగా మాత్రం అక్కడా ఇక్కడా ఉంది.

18 ఏళ్లు నిండని వాడైతే బాల న్యాయ చట్టం 74వ సెక్షన్ అడ్డుపడుతుంది. ఎంత ఘోరం చేశాడన్న ఆరోపణ ఉన్నా సరే, పేరూ ఫొటో రాకూడదు. ఆఫీసుల్లో, కాలేజీల్లో అంతర్గత కమిటీ ముందుకు వెళ్లే ఫిర్యాదులకైతే పనిచేసే చోట మహిళలపై లైంగిక వేధింపుల మీద వచ్చిన 2013 నాటి చట్టం 16వ సెక్షన్ వర్తిస్తుంది. అక్కడ ఫిర్యాదు చేసిన మహిళ పేరుతో పాటు ఎదుటి వ్యక్తి పేరు, సాక్షుల పేర్లు కూడా గోప్యమే. ఈ సంగతి చాలా కాలేజీల యాజమాన్యాలకే తెలియదు.

ఎఫ్‌ఐఆర్‌లన్నీ 24 గంటల్లో పోలీసు వెబ్‌సైట్లో పెట్టాలని 2016లో సుప్రీంకోర్టు చెప్పినప్పుడు లైంగిక నేరాల ఎఫ్‌ఐఆర్‌లను మినహాయించింది. అత్యాచారం కేసుల విచారణ తలుపులు మూసి జరుగుతుంది. అక్కడ జరిగింది ప్రచురించాలంటే కోర్టు అనుమతి కావాలి. అనుమతి దొరికినా పార్టీల పేర్లు, చిరునామాలు గోప్యంగా ఉంచాలని సీఆర్‌పీసీ స్థానంలో వచ్చిన కొత్త నాగరిక్ సురక్షా సంహిత 366వ సెక్షన్ చెబుతోంది. అక్కడ బాధితురాలు అని మాత్రమే అనలేదు.

ఇప్పుడు దీనికి ఎదురుగా ఉన్న నిబంధన చూడండి. అదే సంహిత 37వ సెక్షన్ ప్రకారం, అరెస్టయిన వాళ్ల పేర్లు, చిరునామాలు, నేరం వివరం ప్రతి స్టేషన్‌లోనూ, జిల్లా కేంద్రంలోనూ అందరికీ కనిపించేలా పెట్టాలి. ఇది పరువు తీయడానికి పెట్టింది కాదు. మనిషిని ఎత్తుకెళ్లి ఎక్కడ పెట్టారో చెప్పని రోజులు మనకు కొత్తేమీ కావు. అరెస్టు విషయం ఇంటివాళ్లకు తెలియాలని 1996లో డి.కె. బసు కేసులో సుప్రీంకోర్టు గట్టిగా చెప్పింది కూడా అందుకే. కొడుకును ఏ స్టేషన్‌లో ఉంచారో తెలియక తిరిగే తల్లికి ఆ బోర్డు మీది పేరే దిక్కు. కాబట్టి "పేరు పూర్తిగా రహస్యం" అనే వాళ్లు ఆ రహస్యం లాకప్ గోడల దాకా వెళ్తే ఏమవుతుందో కూడా ఆలోచించాలి.

పోలీసులు ప్రెస్ మీట్‌లో నిందితుల మొహాలకు ముసుగులు వేస్తారు కదా? అది దాచడం కాదా?

ఆ ముసుగు వాళ్ల పరువు కోసం కాదు, కేసు కోసం. బాధితురాలు గానీ సాక్షి గానీ తర్వాత మేజిస్ట్రేట్ సమక్షంలో వరుసలో నిలబెట్టిన మనుషుల్లోంచి నిందితుణ్ణి గుర్తుపట్టాలి. అంతకుముందే మొహం టీవీలో వచ్చేస్తే, "ఫొటో చూసి గుర్తుపట్టింది" అని నాలాంటి డిఫెన్స్ లాయరు ఒక్క ప్రశ్నతో ఆ సాక్ష్యాన్ని నీరుగార్చేస్తాడు.

కానీ ఆ ప్రెస్ మీట్ ఎలా ఉంటుందో చూశారా? టేబుల్ మీద స్వాధీనం చేసుకున్న సెల్‌ఫోను, బైకు తాళం. వెనక ఫ్లెక్సీ. కుర్చీలో డీఎస్పీ, పక్కన సీఐ, వాళ్ల వెనక మంకీ క్యాపులు కళ్ల దాకా లాగిన ఇద్దరు కుర్రాళ్లు. మొహం కనిపించదు. విలేకరులకు పంచే కాగితంలో మాత్రం పేరు, తండ్రి పేరు, వయసు, వృత్తి, కులం, ఊరు, అన్నీ ఉంటాయి. మొహం దాచి చిరునామా ఇచ్చినట్టు! పోలీసుల మీడియా సమావేశాలకు ఒక పద్ధతి రూపొందించాలని 2023 సెప్టెంబరులో సుప్రీంకోర్టు కేంద్ర హోం శాఖను ఆదేశించింది. ఆ ఉత్తర్వు మన సర్కిల్ ఆఫీసుల మెట్లు ఇంకా ఎక్కినట్టు లేదు.

కొందరి పేర్లు పేపర్లో వస్తాయి, కొందరివి రావు. ఏందీ తేడా?

అసలు మాట్లాడాల్సింది దీని గురించే.

జిల్లా పేజీ తీసి చూడండి. రొయ్యల గుంటల దగ్గర కాపలా ఉండే కూలీ మీద కేసు పడితే ఇంటిపేరుతో సహా వస్తుంది. ఏ కాలనీయో రాస్తారు, కాలనీ పేరు చెప్తే కులం చెప్పినట్టే. ఆటో డ్రైవరైతే ఆటో నడిపే రూటు కూడా రాస్తారు. గ్రానైట్ క్వారీలో పనికి ఒడిశా నుంచి వచ్చినవాడైతే "వలస కూలీ ఘాతుకం" అని హెడ్డింగే పెట్టేస్తారు. అదే ఆరోపణ డబ్బున్నవాడి మీద వచ్చిందనుకోండి. "నగరంలోని ఓ ప్రైవేటు విద్యాసంస్థ నిర్వాహకుడు", "ఓ ప్రముఖ వ్యాపారి", "అధికార పార్టీకి చెందిన ఓ నేత". ఊరు ఊరంతటికీ తెలిసినా పేపర్లో మాత్రం "ఓ" తప్ప పేరుండదు.

విలేకరుల్ని తిట్టి లాభం లేదు. మండల విలేకరికి జీతం లేదు, ఉన్నా పెట్రోలుకు చాలదు. ఆగస్టు 15కి, సంక్రాంతికి, నాయకుల పుట్టినరోజులకు యాడ్లు తేవాలని పైనుంచి టార్గెట్ ఉంటుంది. ఆ యాడ్లు ఇచ్చేది ఆ విద్యాసంస్థ నిర్వాహకుడే. రొయ్యల గుంట కాపలాదారు ఏ పండక్కీ యాడ్ ఇవ్వడు.

అంటే నిందితుడి పేరు దాచే పద్ధతి మన దగ్గర ఇప్పటికే నడుస్తోంది. చట్టంలో లేదు గానీ పలుకుబడిలో ఉంది. ఇక మిగిలింది దాన్ని అందరికీ ఒకేలా వర్తించే నియమం చేయాలా, ఇలాగే ఫోన్ కాల్స్‌కు వదిలేయాలా అన్న ప్రశ్న.

పేరు రాయకపోయినా ఎవరో తెలిసిపోతుంది కదా?

తెలిసిపోతుంది. 2024 సెప్టెంబరులో మన నెల్లూరు నుంచి వెళ్లి పెద్ద పేరు తెచ్చుకున్న ఓ సినీ డ్యాన్స్ మాస్టర్‌ను పోక్సో కేసులో హైదరాబాద్ వైపు పోలీసులు అరెస్టు చేశారు. ఆయనకు ప్రకటించిన జాతీయ అవార్డును ఆరోపణల కారణంగానే నిలిపేశారు. పై రెండు వాక్యాల్లో పేరు లేదు, చదివినవాళ్లలో ఎవరికీ అవసరమూ పడలేదు.

సెలబ్రిటీ విషయంలో ఇది తప్పదు. కానీ ఇదే కిటుకు ఇంకో వైపు నుంచి బాధితుల్ని దెబ్బతీస్తుంది. తర్వాతి ప్రశ్న అదే.

నిందితుడు ఇంట్లోవాడే అయితే?

అప్పుడు అతని పేరు రాయడమంటే పాప పేరు రాయడమే. ఈ కేసుల్లో ఎక్కువ శాతం నిందితులు తెలిసినవాళ్లే: తండ్రి, మారుతండ్రి, మేనమామ, బాబాయి, పక్కింటివాడు, ట్యూషన్ మాస్టారు. జాతీయ నేర గణాంకాలు ఏటా ఈ మాటే చెబుతున్నాయి.

వార్త ఇలా వస్తుంది: "ఫలానా మండలం ఫలానా గ్రామానికి చెందిన ఫలానా వ్యక్తి, ఎనిమిదో తరగతి చదువుతున్న తన పెద్ద కుమార్తెపై..." ఆపైన బ్రాకెట్లో "బాలిక పేరు గోప్యంగా ఉంచాం" అని రాస్తారు. ఏం గోప్యం అది? ఆ ఊళ్లో ఆ పేరున్న మనిషి ఒక్కడే, అతని పెద్ద కూతురూ ఒక్కతే. సోమవారం ఆ పిల్ల బడికి వెళ్తే టీచరు దగ్గర్నుంచి అటెండరు దాకా అందరి చూపూ ఆమె మీదే.

ఇలాంటి కేసుల్లో నిందితుడి పేరు, బంధుత్వం, ఊరు, మూడూ కలిపి రాయడం నా లెక్కన ఇప్పుడున్న 23వ సెక్షన్ ప్రకారమే నేరం. కొత్త చట్టం అక్కర్లేదు. ఫిర్యాదు చేసేవాళ్లు లేక ఆగిపోతోంది. ఆ తల్లి ఒక కేసు నడపడమే గగనం, రెండో కేసు ఎక్కడ పెడుతుంది?

మా ఊళ్లో అందరికీ తెలిసిందే, పేపర్లో దాస్తే ఏం లాభం?

ఊరు ఎలాగూ మాట్లాడుకుంటుంది. రచ్చబండ దగ్గర, టీ బంకు దగ్గర నోళ్లు మూయించే చట్టం ఏదీ లేదు, ఉండకూడదు కూడా. తేడా ఎక్కడొస్తుందంటే, ఊరు ఎంతోకొంత సరిదిద్దుకుంటుంది. ఆర్నెల్లకు కేసు ఎత్తిపోతే, నిజం వేరని తేలితే, ఆ సంగతీ అదే బంకు దగ్గరికి చేరుతుంది. సెల్‌ఫోన్లో ఎక్కింది అలా సరికాదు. పదేళ్ల తర్వాత బెంగళూరులో ఉద్యోగమిచ్చేవాడు, ఒంగోలులో పెళ్లి సంబంధం చూసేవాడు పేరు కొట్టి చూస్తే అరెస్టు వార్తే పైకి వస్తుంది. కేసు కొట్టేసిన వార్త అసలు రాసి ఉండరు.

పేరు బయటికొస్తేనే మిగతా బాధితులు ధైర్యంగా ముందుకొస్తారంటారు. నిజమేనా?

నిజమే. పేరు దాచాలనే వాళ్లు జవాబు చెప్పుకోవాల్సిన గట్టి వాదన ఇదే. 2018 అక్టోబరులో పాత్రికేయురాలు ప్రియా రమణి, తనను లైంగికంగా వేధించారంటూ అప్పటి కేంద్ర మంత్రి ఎం.జె. అక్బర్ పేరు బయటపెట్టాక వరసగా చాలామంది మహిళలు మాట్లాడారు. ఆయన ఆరోపణల్ని ఖండించారు, మంత్రి పదవికి రాజీనామా చేశారు, ఆమె మీద పరువునష్టం కేసు వేశారు. 2021 ఫిబ్రవరి 17న ఢిల్లీ కోర్టు ఆమెను నిర్దోషిగా వదిలేసింది. స్త్రీ తన బాధను దశాబ్దాల తర్వాతైనా, తాను ఎంచుకున్న వేదిక మీద చెప్పుకోవచ్చని ఆ తీర్పు చెప్పింది.

మన వైపు దీన్ని హాస్టళ్లకు, కోచింగ్ సెంటర్లకు అన్వయించుకోండి. ఒక వార్డెన్ మీద ఒక అమ్మాయి ఫిర్యాదు చేసింది. అంతకుముందు బ్యాచ్ పిల్లలు ఇప్పుడు ఎక్కడెక్కడో ఉన్నారు. "ఓ హాస్టల్ వార్డెన్" అని వార్త వస్తే వాళ్లలో ఎవరికి తెలుస్తుంది, ఎవరు ఫోన్ చేస్తారు? ఒంటరి మాటగా మిగిలిన ఫిర్యాదు కోర్టులో నిలవడం కష్టం. నలుగురు చెబితే నిలుస్తుంది. కాబట్టి తీర్పు వచ్చేదాకా పేరు దాచాలన్న డిమాండ్‌ను నేను ఒప్పుకోను.

తప్పుడు కేసులు పెడుతున్నారు కదా? అబ్బాయిల జీవితాలు పోవా?

దీనికి ఒక్క మాటలో జవాబు చెప్పలేను. ముందు లెక్క సరిచేసుకుందాం. 2019లో దేశంలో అత్యాచారం కేసుల్లో శిక్ష పడిన శాతం 27.8. "అంటే మిగతావన్నీ తప్పుడువే" అని కుర్రాళ్లు చప్పట్లు కొడతారు. కాదయ్యా. కేసు ఎందుకు పోతుందో కోర్టులో కూర్చుంటే తెలుస్తుంది. వాయిదాల మీద వాయిదాలతో మూడేళ్లు గడిచేసరికి అమ్మాయికి పెళ్లయిపోతుంది, అత్తగారింటికి సమన్లు వద్దని తండ్రి వేడుకుంటాడు. పెద్దమనుషులు కూర్చుని రాజీ చేస్తారు, బోనులో నిలబడ్డాక అమ్మాయి "నాకేం తెలియదు" అంటుంది. మెడికల్ రిపోర్టు ఆలస్యం. ఇవన్నీ నిర్దోషి తీర్పులే, తప్పుడు ఫిర్యాదులు కావు.

ఇక రెండో వైపు. పదిహేడేళ్ల అమ్మాయి, ఇరవై ఏళ్ల అబ్బాయి ఇష్టపడి చెన్నైకి రైలెక్కుతారు. అమ్మాయి తండ్రి కిడ్నాప్ అని కేసు పెడతాడు, కులాలు వేరైతే మరీ గట్టిగా పెడతాడు. వయసు 18 లోపు కాబట్టి పోక్సో పడుతుంది. చట్టం ప్రకారం పోలీసులు చేసింది కరెక్టే. కానీ మర్నాడు పేపర్లో ఆ అబ్బాయి పేరు పక్కన "కామాంధుడు" అని వస్తుంది. నా దగ్గరికి వచ్చే పోక్సో కేసుల్లో నాకు బాగా టెన్షన్ పెట్టేవి ఇవే. అమ్మాయే జైలు గేటు దగ్గర ములాఖత్ కోసం నిలబడుతుంది, పేపర్లో అతను మృగం.

ఇక అసలు నేరమే అంటగట్టిన కేసు కావాలంటే మన రాష్ట్రంలోనే ఉంది. 2007 డిసెంబరులో విజయవాడ దగ్గర ఇబ్రహీంపట్నం హాస్టల్లో ఓ ఫార్మసీ విద్యార్థిని హత్య జరిగింది. 2008లో సత్యంబాబు అనే యువకుణ్ణి అరెస్టు చేసి మీడియా ముందు నిలబెట్టారు. 2010లో యావజ్జీవం పడింది. 2017 మార్చి 31న హైకోర్టు నిర్దోషి అని తేల్చి, లక్ష రూపాయల పరిహారం ఇమ్మంది. అప్పటికి ఎనిమిదేళ్లకు పైగా జైల్లోనే గడిపాడు. పేరు దాచి ఉంటే అతనికి ఏం ఒరిగేది? నిజం చెప్పాలంటే ఏమీ లేదు. ట్రయల్ కోర్టు దోషి అన్నాక ఎలాగూ పేరు వచ్చేదే. అతన్ని ముంచింది దర్యాప్తు. ఆ అమ్మాయికీ న్యాయం జరగలేదు.

ఇంత ఘోరం చేసినవాళ్లకు పేరు దాచడమేంటి? ఎన్‌కౌంటర్ చేయాలి గదా?

ఈ మాట వచ్చినప్పుడు హాల్లో ఈలలు పడతాయి. 2019 డిసెంబరు 6న తెలంగాణలో దిశ కేసు నిందితులు నలుగుర్ని పోలీసులు కాల్చి చంపారు. అప్పటికే వాళ్ల పేర్లు, ఫొటోలు, తల్లిదండ్రుల ఇంటర్వ్యూలు దేశమంతా చూసింది. సుప్రీంకోర్టు వేసిన సిర్పూర్కర్ కమిషన్ 2022లో ఇచ్చిన నివేదికలో, పోలీసులు చంపాలనే కాల్చారని, నలుగురిలో ముగ్గురు అప్పటికి మైనర్లని చెప్పింది. వయసు ఎంతో సరిగా తేల్చకముందే మొహాలు చూపించేశారు.

వేరే దేశాల్లో ఎలా ఉంది?

బ్రిటన్ ఇది చేసి చూసి మానుకుంది. 1976లో అత్యాచారం కేసుల్లో ఇద్దరి పేర్లూ దాచేలా చట్టం చేశారు, 1988లో నిందితుడికి ఆ రక్షణ తీసేశారు. 2010లో కొత్త ప్రభుత్వం మళ్లీ తెస్తామని చెప్పి, తగిన ఆధారాల్లేవని కొద్ది నెలల్లోనే వెనక్కి తగ్గింది. టీచర్లకు మాత్రం 2011లో చిన్న మినహాయింపు ఇచ్చారు: విద్యార్థి ఆరోపణ చేస్తే, అభియోగం నమోదయ్యేదాకా పేరు రాయకూడదు. 2022లో అక్కడి సుప్రీంకోర్టు, నేరం ఏదైనా సరే, అభియోగానికి ముందు దర్యాప్తులో ఉన్న మనిషికి గోప్యత ఆశించే హక్కు ఉంటుందని చెప్పింది. ఐర్లండ్‌లో అత్యాచారం కేసుల్లో శిక్ష పడేదాకా నిందితుడి పేరు రాయరు.

మరి మీరేమంటారు?

ఛార్జిషీటు వేసేదాకా ఎవరి పేరూ, ఫొటో వద్దు. కూలీ అయినా, కాలేజీ ఓనరైనా. ఛార్జిషీటు పడ్డాక పేరు రాయొచ్చు, దానివల్ల బాధితురాలు ఎవరో తెలిసిపోతే తప్ప.

ఇది ఎంతకాలం? అత్యాచారం, తీవ్రమైన పోక్సో కేసుల్లో సమాచారం అందిన రెండు నెలల్లో దర్యాప్తు పూర్తి చేయాలని కొత్త సంహిత 193వ సెక్షన్ చెబుతోంది. కాబట్టి రెండు నెలలే హద్దు. ఛార్జిషీటు రాకపోయినా ఆ గడువు దాటితే దాపరికం పోవాలి. లేదంటే పలుకుబడి ఉన్నవాడు ఛార్జిషీటునే నానబెట్టి పేరు కాపాడుకుంటాడు. పారిపోయినవాడి పేరు, ఫొటో వెంటనే ఇవ్వాలి. ఇంకా బాధితులు ఉన్నారన్న అనుమానం ఉంటే పోలీసులు గానీ, ఫిర్యాదుదారు గానీ అడిగినప్పుడు మేజిస్ట్రేట్ అనుమతించాలి. పై హాస్టల్ వార్డెన్ కేసు ఇందులోకి వస్తుంది. అన్నిటికంటే ముఖ్యం, ఈ నియమం పత్రికలకు, పోలీసులకు, ఫోన్లలో తిప్పేవాళ్లకే తప్ప ఫిర్యాదు చేసిన మనిషి నోటికి తాళం కాకూడదు. తన మీద జరిగింది, చేసినవాడి పేరుతో సహా చెప్పుకునే హక్కు ఆమెది.

నా తోటి లాయర్లలో సగం మంది దీన్ని ఒప్పుకోరు. కొందరు తీర్పు దాకా దాచాలంటారు, కొందరు మొదటి రోజే చెప్పాలంటారు.

నిర్దోషి అని తీర్పు వచ్చాక ఇంటర్నెట్లోంచి పేరు తీయించుకోవచ్చా?

ఇప్పటికి తేలని విషయం. 2024 ఫిబ్రవరిలో మద్రాసు హైకోర్టు, నిర్దోషిగా తేలిన ఒక వ్యక్తి పేరును ఆన్‌లైన్ తీర్పు ప్రతిలోంచి తీసేయమంది. అదే ఏడాది జులైలో సుప్రీంకోర్టు ఆ ఉత్తర్వుపై స్టే ఇచ్చింది. తీర్పులు ప్రజల ఆస్తి, అవి అందరికీ కనిపించాలన్నది ఒక వాదం. పేరు తీసేసినా తీర్పు తీర్పే గదా అన్నది రెండోది. నాకు రెండోదే సబబుగా అనిపిస్తుంది.

వాట్సాప్ గ్రూపులో వచ్చింది ఫార్వర్డ్ చేస్తే నాకేమవుతుంది?

బాధితురాలి పేరు గానీ, ఫొటో గానీ ఉంటే కేసు పడొచ్చు. "నేను రాయలేదు, పంపాను అంతే" అనేది స్టేషన్‌లో పనికిరాదు. నిందితుడి పేరుతో "రేపిస్ట్" అని పెట్టి, ఆ తర్వాత కేసు నిలవకపోతే పరువునష్టం దావాకు సిద్ధంగా ఉండాలి.

మా అబ్బాయి పేరు తప్పుగా వచ్చింది. ఏం చేయాలి?

పేపర్ కటింగ్, తేదీ, ఎడిషన్ పేరు దాచుకోండి. ఆన్‌లైన్ అయితే లింకుతో సహా స్క్రీన్‌షాట్ తీయండి, వాళ్లు డిలీట్ చేసేలోపు. ముందు ఎడిటర్‌కు రాతపూర్వకంగా సవరణ అడగండి. స్పందన లేకపోతే దినపత్రిక విషయంలో ప్రచురించిన రెండు నెలల్లోపు ప్రెస్ కౌన్సిల్‌కు ఫిర్యాదు పంపాలి. పరిహారం కోసం సివిల్ దావాకు ఏడాదే గడువు, క్రిమినల్ పరువునష్టానికి మూడేళ్లు. చాలామంది కేసు తేలాక చూద్దాంలే అని ఆగి సివిల్ గడువు పోగొట్టుకుంటారు.

లాయరు ఫీజు కట్టలేకపోతే నెల్లూరులోనూ ఒంగోలులోనూ కోర్టు ఆవరణలోనే జిల్లా న్యాయ సేవాధికార సంస్థ ఉంటుంది. మహిళలకు, పిల్లలకు, ఎస్సీ ఎస్టీలకు, కస్టడీలో ఉన్నవాళ్లకు ఆదాయంతో పని లేకుండా లాయర్ని ఇస్తారు. ఫోన్ నంబరు 15100. బాధితురాలి తరఫు వాళ్లకూ ఇదే నంబరు.